టీవీ కామెంట్రీ నేర్చుకుందాం – 5వ పాఠం: ‘జరిగింది’ జబ్బు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. టీవీ మ్యూట్ చేసి, ఒక ఓవరుకు కామెంట్రీ చెప్పి, ఫోన్లో రికార్డు చేసి పంపమన్నాను. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి వచ్చినవన్నీ విన్నాక, ఈసారి అనుకున్న రీప్లే పాఠం పక్కన పెట్టేశాను. పాత ముల్లు తీయకుండా కొత్త పాఠం చెప్పి లాభం లేదు.

ముందు చిన్న తప్పు. ‘ఓవరు మొత్తం చెప్పండి’ అంటే ఊపిరి తీసుకోకుండా చెప్పమని అర్థం చేసుకున్నారు. ఒక లెక్క చూడండి. అంతర్జాతీయ టీ20లో 20 ఓవర్లు వేయడానికి ఇచ్చేది 85 నిమిషాలు. 120 బంతులకు పంచితే బంతికి 42 సెకన్లు. అందులో బంతి నిజంగా ఆటలో ఉండేది ఐదారు సెకన్లు. గంటకు 140 కిలోమీటర్ల బంతి బౌలరు చేయి వదిలి బ్యాటును చేరేది అర సెకనులో. మిగతా ముప్పై అయిదు సెకన్లలో రీప్లే ఉంటుంది, పక్కన కూర్చున్న మాజీ ఆటగాడు ఉంటాడు, స్కోరు పట్టీ ఉంటుంది, జనం అరుపులు ఉంటాయి. అవన్నీ మీ నోటికి రాసిచ్చిన ఖాళీలు కావు. పేరుమోసిన టీవీ కామెంటేటరు, ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రిచీ బెనో 63 టెస్టులు ఆడినవాడు, 1956లోనే బీబీసీలో శిక్షణ తీసుకున్నవాడు. ఆట గురించి ఆయనకు తెలియక ఊరుకోలేదు. తెర మీద కనిపిస్తున్నదానికి కొత్తగా కలిపేది ఉంటేనే నోరు తెరిచేవాడు.

మన ఊళ్లలో సంక్రాంతి టోర్నమెంట్లకు మైకు పట్టుకున్నవాళ్లకు ఇది మరీ కష్టం. అక్కడ చెట్టు కింద కూర్చున్నవాళ్లకు బంతి కనబడదు. బ్యాటరు ఎవరో తెలియదు. మధ్యలో చందా ఇచ్చినవారి పేర్లు చదవాలి. కాబట్టి మైకు ఆగకూడదు. ఆ పని వేరు, ఆ పనికి అదే పద్ధతి. టీవీలో చూసేవాడికి మీరు చెప్పేలోపే కనబడుతుంది. ఫోరు వెళ్లిందని చెబితే ‘చూశాంలేవయ్యా’ అనుకుంటాడు.

ఇక అసలు జబ్బు. ఒక్క రికార్డింగు కూడా దీన్ని తప్పించుకోలేదు.

‘బంతిని కొట్టడం జరిగింది.’ ‘క్యాచ్ పట్టుకోవడం జరిగింది.’ ‘రెండు పరుగులు తీయడం జరిగింది.’ ఒకరైతే ‘వైడ్ వేయడం జరగడం వల్ల’ అన్నారు. అది విన్నాక కాసేపు రికార్డింగు ఆపాల్సి వచ్చింది.

ఇది సభల తెలుగు. ‘పెద్దలను శాలువాతో సన్మానించడం జరిగింది’ అన్నచోట దానికి పని ఉంది, ఎవరు కప్పారో చెప్పకుండా దాటేయొచ్చు. ఆటలో ఎవరు అన్నదే అసలు కబురు. పైగా మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. ఏమైందో తెలిసేది ఆఖరి మాటతోనే. ఆ ఆఖరి మాటకు కూడా ‘డం జరిగింది’ అని తోక కడితే బంతి బౌండరీ తాడు దాటి, బాల్ బాయ్ చేతికి వెళ్లి, తిరిగి వచ్చే వేళకు మీ వాక్యం ముగుస్తుంది.

దగ్గరగా చూద్దాం. 2024 జూన్ 29, బ్రిడ్జ్‌టౌన్, టీ20 ప్రపంచకప్ ఫైనల్. ఆఖరి ఓవరు, దక్షిణాఫ్రికాకు 6 బంతుల్లో 16 కావాలి. మొదటి బంతి. మీ పద్ధతిలో చెబితే ఇలా ఉంటుంది:

‘హార్దిక్ పాండ్యా వేసిన ఫుల్ టాస్ బంతిని డేవిడ్ మిల్లర్ లాంగాఫ్ మీదుగా గాల్లోకి కొట్టడం జరిగింది.’

పలికి చూడండి, ముప్పై ఒక్క అక్షరాలు. ఎంత గబగబా చెప్పినా నాలుగు సెకన్లు పడుతుంది. ఈలోపు భారత ఫీల్డరు సూర్యకుమార్ యాదవ్ బంతిని అందుకోవడం, లోపలికి ఎగరేయడం, తాడు దాటడం, మళ్లీ లోపలికి రావడం మొదలైపోతాయి. మీరింకా మిల్లర్ దగ్గరే ఉన్నారు.

ఇప్పుడు విడగొట్టండి. వేసేది హార్దిక్, ఆడేది మిల్లర్, 6 బంతుల్లో 16. ఇదంతా బౌలరు పరుగు మొదలుపెట్టకముందే చెప్పేయాలి. బంతి పడ్డాక మిగిలేది ఇంతే:

‘గాల్లో… లాంగాఫ్… సూర్య… పట్టాడు… లోపలికి విసిరాడు… మళ్లీ పట్టాడు!’

క్రియ కావాల్సిన ముక్కకు దాని క్రియ దానికే ఉంది. ‘గాల్లో’ అన్నచోట క్రియే అక్కర్లేదు. ఆ తర్వాత నోరు మూయండి. చూసేవాడికి అప్పుడు కావాల్సింది మీ గొంతు కాదు, సూర్య బూటుకూ తాడుకూ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది. ఇంకో సంగతి, ఇక్కడ ‘ఔట్’ అనలేదు. పట్టాడు అన్నది మీ కంటికి కనబడింది. ఔటా కాదా అన్నది రీప్లేలు చూసి తేల్చే థర్డ్ అంపైరు పని. ముందే అనేసి, తర్వాత నాలిక కరుచుకోకండి.

‘జరిగింది’ మానేశాక దాని చుట్టాలు వస్తాయి, జాగ్రత్త. ‘వికెట్ కోల్పోయిన పరిస్థితి’ వాటిలో ఒకటి. పరిస్థితి కాదు, వికెట్ పోయింది. ‘కొట్టబడింది’, ‘మనం చూడొచ్చు’, ‘చూస్తున్నాం’ కూడా అంతే. చూస్తున్నారని వాళ్లకు తెలుసు. ‘రెండు పరుగులు తీయడం జరిగింది’ బదులు ‘రెండు’ అంటే చాలు. ‘డాట్ బాల్ వేయడం జరిగింది’ బదులు ఏమీ అనకపోయినా నష్టం లేదు. ‘పొరపాటు జరిగింది’ మాత్రం ఉంచుకోవచ్చు, అక్కడ అది నిజంగా జరిగింది.

గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడాక, ఆ ఊరి కుర్రాళ్లే క్యాచ్‌కు శాలువా కప్పితే ఎలా?

యాస సంగతి చాలామంది అడిగారు. ‘కొట్టీసాడు’, ‘వొచ్చీసింది’ అనొచ్చా అని. నా మట్టుకు నాకు ఇష్టమే. ‘కొట్టీసాడు’ బంతి వేగానికి సరిపోయే మాట. చానెల్ వాళ్లు సర్దమంటే అప్పుడు సర్దుకోవచ్చు. సర్దుకోవాల్సింది వేరే ఉంది. ఒడియా మీడియంలో చదివినవాళ్ల నోట ‘వ’ కాస్తా ‘బ’ అవుతోంది, పదం మొదట్లో ‘య’ ‘జ’ అవుతోంది. విరాట్ ‘బిరాట్’ అయ్యాడు, యశస్వి ‘జశస్వి’ అయ్యాడు. ఒడియాలో అదే సరైన పలుకు. తెలుగు కామెంట్రీలో మాత్రం పేరు తప్పు పోతే మిగతా ఎంత బాగా చెప్పినా లెక్కలోకి రాదు. రెండు జట్ల పేర్లూ రాసుకుని, మ్యాచ్‌కు ముందు మూడుసార్లు పైకి చదవండి.

‘లాంగాఫ్… సూర్య’ అని కన్ను తెర మీదే ఉంచి ఎలా చెప్పగలం అంటారా? ఎవరు ఎక్కడ నిలబడ్డారో కాగితం మీద ముందే రాసుకుని ఉండాలి. కోడిగుడ్డు ఆకారం గీయండి, మధ్యలో పిచ్. బౌలరు, కీపరు పోగా తొమ్మిది మంది ఫీల్డర్లు. పెన్సిలే వాడండి, ప్రతి ఓవరుకూ చెరపాలి. పవర్‌ప్లేలో, అంటే మొదటి ఆరు ఓవర్లలో, పిచ్ చుట్టూ గీసిన 30 గజాల వలయం బయట ఇద్దరి దాకానే ఉంటారు కాబట్టి అక్కడ మొదలుపెడితే సులువు. తర్వాత అయిదుగురి దాకా వెళ్తారు. ఎడమచేతి బ్యాటరు వస్తే కొత్త బొమ్మ గీయొద్దు, కాగితాన్ని వెలుతురుకు పట్టి వెనకనుంచి చూడండి. చాలా సమయం కలిసొస్తుంది.

తెర చూసి చెప్పడం నకిలీ పని అనుకోకండి. ప్రాంతీయ భాషల కామెంట్రీ చాలావరకు మైదానంలో కాదు, స్టూడియోలో తెర చూస్తూనే చెబుతారు. మీ ఇంటి గది దానికి మరీ దూరం కాదు. అయితే డిష్ కనెక్షన్‌తో చేయండి, ఫోన్లో లైవ్ పెట్టుకోవద్దు. అది కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. బౌలరు పరుగెత్తకముందే పక్కింట్లో ఈల పడితే మీ గొంతులో కంగారు పోయి నటన వస్తుంది.

ఈసారి అభ్యాసం కొంచెం గట్టిది. రెండు ఓవర్లు, పన్నెండు బంతులు. బౌలరు పరుగు మొదలెట్టకముందు ఒకే వాక్యం. బంతి ఆటలో ఉన్నంతసేపు ఎనిమిది మాటలు మించకూడదు. రీప్లే మొదలవగానే ఆపేయాలి, అది మాజీ ఆటగాడి సొత్తు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఒడియా వార్తలు నడపండి. అసలు పనిలో ప్రొడ్యూసరు ఇలాగే మీ చెవిలో మాట్లాడుతూ ఉంటాడు, మీరు తడబడకూడదు. రెండు భాషలూ వచ్చినవాళ్లకు ఇది ఇంకా కష్టం, వద్దన్నా అర్థమవుతుంది. ఓవరు చివర ఇంట్లో ఎవరినైనా పది నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి. ‘ఒకటి’ దగ్గర మీ వాక్యం పూర్తి కావాలి, సగంలో తెగకూడదు. ఓవరు అవగానే వచ్చే ప్రకటన దేనికోసమూ ఆగదు.

‘జరిగింది’ ఒక్కసారి దొర్లినా మొదటి బంతి నుంచి మళ్లీ. రికార్డింగులో అతికించి పంపితే తెలిసిపోతుంది, వెనక ఫ్యాను చప్పుడు తెగుతుంది.