ఎయిర్ సస్పెన్షన్ తీసి కాయిలోవర్లు వేయడం – 3వ పాఠం: స్ప్రింగు లెక్క, ఎత్తు, బిగింపు

గత రెండు పాఠాల్లో లీకును సబ్బు నీళ్లతో పట్టుకోవడం, తప్పు బెలోదా (గాలి నిండే రబ్బరు సంచి), వాల్వ్ బ్లాక్‌దా (గాలిని నాలుగు మూలలకూ పంచేది), కంప్రెసర్‌దా (గాలి కొట్టే పంపు) అని తేల్చుకోవడం చూశాం. ఆ పని చేయకుండా ఈ పాఠంలోకి రావద్దు. రిలే అతుక్కుపోయి కంప్రెసర్ మోటారు కాలిపోయిన బండికి నాలుగు మూలలా స్ప్రింగులు వేయడం డబ్బు దండగ. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి ఒక్క మూలే కూర్చుంటోందా, ముందు ఆ ఒక్క స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కాలు) సంగతి చూసుకోండి. నాలుగు బెలోల రబ్బరూ మడతల దగ్గర పగిలిపోయి, కొత్తవాటి ఖర్చు బండి విలువకు దగ్గరగా వస్తున్నప్పుడే కాయిలోవర్ల మాట ఎత్తాలి, అంటే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) చుట్టూ ఉక్కు స్ప్రింగు ఉండి, ఎత్తు మార్చుకోగల స్ట్రట్‌లు. బెజవాడ ఎండకు, దుమ్ముకు రబ్బరు త్వరగా ముసలిదవుతుంది కాబట్టి పాత బెంజ్ ఎస్ క్లాసులు, ఆడి ఏ8లు, రేంజ్ రోవర్లు ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట దాకా వస్తారు.

సెకండ్‌హ్యాండ్ బండి కొని ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు, బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. చాలా ఎస్ క్లాసుల్లో కంప్రెసర్ ముందు చక్రం దగ్గర, బంపర్ వెనక కింద ఉంటుంది. బండి మునిగితే ముందుగా తడిసేవాటిలో అదొకటి. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్ విప్పి, కంప్రెసర్ మీద బురద చారలున్నాయేమో చూడండి. ఉంటే సస్పెన్షన్ పక్కన పెట్టి మొత్తం వైరింగు చూపించుకోండి.

గాలి తీసేసి స్ప్రింగు వేయడం కొత్త ఆలోచనేమీ కాదు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షన్‌తో వచ్చింది. లీకులతో విసిగిపోయి దాని యజమానుల్లో చాలామంది కాయిల్ స్ప్రింగులకు మారిపోయారు. మెర్సిడెస్ 1961లో 300 ఎస్ఈకి, ఆ తర్వాత 600కి గాలి స్ప్రింగులు పెట్టింది. 1998లో డబ్ల్యూ 220 ఎస్ క్లాస్‌తో ఎయిర్‌మాటిక్ అనే ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. మన ఆటోనగర్ షెడ్లలో కనిపించే పాత బెంజిల్లో ఎక్కువగా ఈ ఎయిర్‌మాటిక్ వంశమే.

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో చేసే మార్పుల గురించి మాట్లాడుతుంది. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు కాగితం మీద తీసుకోండి. ఫోన్లో ‘ఏం పర్లేదు సార్’ అన్న మాట క్లెయిము రోజు పనికిరాదు.

ఇక అసలు పాఠం. కిట్ కొనేటప్పుడు అందరూ అడిగేది బ్రాండు, రేటు. నేను మీతో ముందు అడిగించేది స్ప్రింగు గట్టిదనం ఎంత అని. గాలి స్ప్రింగు చేసే పని ఒకటుంది. బరువు పెరిగితే సిస్టమ్ లోపలికి ఇంకాస్త గాలి పంపి ఎత్తును పాత చోటికే తెస్తుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ స్ప్రింగు కూడా దాదాపు అదే దామాషాలో గట్టిపడుతుంది. అందుకే ఒక్కరు కూర్చున్నా ఐదుగురు కూర్చున్నా బండి ఊగే తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉక్కు స్ప్రింగుకు ఈ తెలివి లేదు. ఎంత బరువుకు, ఎంత మెత్తగా అన్నది మనమే ముందే నిర్ణయించి పెట్టాలి.

ఆ నిర్ణయానికి బరువు కావాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, లారీలు తూచే వేబ్రిడ్జి చాలు. గుంటూరు వాళ్లకైతే మిర్చి యార్డు వైపు, బెజవాడ వాళ్లకు ఆటోనగర్ చుట్టుపక్కల దొరుకుతుంది. ముందు చక్రాలు రెండే కాటా మీదకు ఎక్కించి ఒక రీడింగు, మొత్తం బండి ఎక్కించి ఇంకొకటి తీసుకోండి. మొదటిది ముందు యాక్సిల్ బరువు, రెండోదాంట్లోంచి అది తీసేస్తే వెనకది. ట్యాంకు సగం ఉంచండి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చుని ఉండాలి. లారీల కాటా ఒక్కో కిలో కాకుండా ఐదో పదో కిలోల చొప్పున చూపిస్తుంది, మనకు ఆ తేడా పర్లేదు.

ముందు యాక్సిల్ 1000 కిలోలు వచ్చిందనుకుందాం. ఒక్కో మూలకు 500. ఇందులో చక్రం, బ్రేకు, హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) వంటివి స్ప్రింగు మోసే బరువు కాదు, వాటికి 50 తీసేయండి. మిగిలింది 450. ఇప్పుడు ఆ మూల సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో ఎంచుకోవాలి. మెత్తని పెద్ద కార్లకు 1 నుంచి 1.3 హెర్ట్జ్ (సెకనుకు ఊగే సార్లు) మధ్య బాగుంటుంది. 1.5 దాటితే స్పోర్ట్స్ బండి కుదుపు మొదలవుతుంది. మనం 1.2 తీసుకుందాం.

6.28ని (అంటే 2π) 1.2తో గుణిస్తే 7.54. దాని వర్గం 56.8. దాన్ని 450తో గుణిస్తే మీటరుకు సుమారు 25,600 న్యూటన్లు, అంటే మిల్లీమీటరుకు 25.6 న్యూటన్లు. ఇది చక్రం దగ్గర కావలసిన గట్టిదనం. స్ప్రింగు మాత్రం చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే చెయ్యి) మీద కొంచెం లోపలికి ఉంటుంది. ఆర్మ్ లోపలి బుష్షు (చట్రం దగ్గర ఆర్మ్ తిరిగే రబ్బరు కీలు) నుంచి స్ట్రట్ బోల్టు దాకా టేపుతో కొలవండి, తర్వాత అదే బుష్షు నుంచి చక్రం వైపు చివరనున్న బాల్ జాయింట్ దాకా. మొదటిది 26 సెంటీమీటర్లు, రెండోది 37 వస్తే నిష్పత్తి 0.7. స్ట్రట్ వాలుగా ఉంటే ఇది ఇంకొంచెం తగ్గుతుంది. 0.7 వర్గం 0.49. 25.6ని 0.49తో భాగిస్తే 52 న్యూటన్లు. కిట్ల మీద కిలోల్లో రాస్తారు కాబట్టి 9.81తో భాగించండి, మిల్లీమీటరుకు 5.3 కిలోలు వస్తుంది.

ఇప్పుడు ఎవరైనా ‘సార్, 10 కిలోల స్ప్రింగు ఉంది, ఇంకా స్ట్రాంగు’ అని చూపిస్తే లెక్క వెనక్కి వేయండి. పదిని 9.81తో, 0.49తో గుణిస్తే చక్రం దగ్గర 48 న్యూటన్లు. 450 కిలోల మూల అప్పుడు సెకనుకు 1.65 సార్లు ఊగుతుంది. బందరు రోడ్డు మీద ప్రతి అతుకూ వెనక సీట్లో పెద్దవాళ్ల నడుముకు తెలుస్తుంది. ఆ సీటు కోసమే కదా ఆ బండి కొన్నది! రేసు ట్రాకు కోసం చేసిన కాయిలోవర్లను లగ్జరీ బండికి వేయడం నాకు అసలు నచ్చదు. ఆ మోడల్ బరువుకే చేసిన కన్వర్షన్ స్ట్రట్‌లు (గాలి స్ట్రట్ బదులు నేరుగా వేసే ఉక్కు స్ప్రింగు స్ట్రట్‌లు) దొరికితే వాటికే నా ఓటు. ఎత్తు సరిచేసే వీలు కావాలంటేనే కాయిలోవర్, అది కూడా ఈ లెక్కకు దగ్గరగా ఉన్న స్ప్రింగుతో.

వెనక స్ప్రింగుకు ఇంకో లెక్క ఉంది, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వెనక కూడా మూలకు 450 కిలోలు, 1.2 హెర్ట్జ్ అనుకుందాం. పండక్కి ఊరెళ్తూ వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నింపారు. ఒక్కో వెనక చక్రం మీద 100 కిలోలు పెరిగింది, అంటే 981 న్యూటన్లు. దాన్ని 25.6తో భాగిస్తే 38 మిల్లీమీటర్లు. బండి వెనక భాగం దాదాపు 4 సెంటీమీటర్లు దిగిపోయి అలాగే ఉంటుంది, ఎత్తడానికి గాలి లేదు. మన కాలనీల్లో ఇష్టమొచ్చినట్టు పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద సైలెన్సర్ తగిలేది అప్పుడే. వెనక 1.35 హెర్ట్జ్ తీసుకుంటే గట్టిదనం 32 న్యూటన్ల పైచిలుకు అవుతుంది, దిగడం 30 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. వెనకవైపు ముందుకంటే కాస్త ఎక్కువ పెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. గతుకు ముందు చక్రానికి ముందు తగులుతుంది, వెనకది ఆలస్యంగా మొదలై త్వరగా ఊగి ముందుదాన్ని అందుకుంటుంది, బండి ముందుకూ వెనక్కూ ఊయలూగకుండా సర్దుకుంటుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు మారిస్ ఆలీ తేల్చిన సంగతి ఇది, ఇప్పటికీ పనికొస్తోంది.

స్ప్రింగు తేలింది కాబట్టి బిగింపుకు వద్దాం. గాలి వదిలే ముందే, ఇంజను నడుస్తూ బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు, హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. ఈ నాలుగు అంకెలు పోతే తర్వాత ఎవరూ చెప్పలేరు. చక్రం వ్యాసం, టైరు గాలి ఎంతున్నా మారని కొలత ఇది. నేల నుంచి కొలిచే అలవాటు మానుకోండి.

తర్వాత స్కానర్‌తో సిస్టమ్‌లో గాలి దింపేయాలి. రిజర్వాయరు ఉన్న బండిలో అది కూడా ఖాళీ అవ్వాలి. ఆ తర్వాతే కంప్రెసర్ ఫ్యూజు, రిలే తీయండి. పైపులో గాలి ఉండగా యూనియన్ (పైపు జాయింటు) విప్పితే ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు, కళ్లద్దాలు పెట్టుకోండి. బండిని లిఫ్టు మీద గానీ, గట్టి స్టాండ్ల మీద గానీ నిలపండి. జాకీ ఒక్కటే నమ్ముకుని కింద దూరకండి, గాలి దిగిన బండికి కింద చోటే ఉండదు.

ఒక ముందు మూల దగ్గర నుంచి చూద్దాం. చక్రం తీశాక స్ట్రట్ పైన గాలి పైపు, దాని పక్కనే డ్యాంపర్ వైరు కనెక్టర్ కనిపిస్తాయి. పైపు విప్పి చివర మూత పెట్టండి, దుమ్ము పోకూడదు. కనెక్టర్‌ను లాగొద్దు, క్లిప్పు నొక్కి తీయండి. ఏబీఎస్ వైరు, బ్రేకు హోసు స్ట్రట్‌కు కట్టి ఉంటే విడదీసి పక్కకు వేలాడకుండా కట్టండి. పైన మౌంట్ నట్లు వదులు చేయండి కానీ పూర్తిగా తీయకండి, కింది బోల్టు తీశాక చివరన తీయండి. కొత్త కాయిలోవర్ మీద మధ్యలో ఉండే పెద్ద నట్టును ఎట్టి పరిస్థితిలోనూ తిప్పొద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగును ఆపుతున్నది ఆ నట్టే.

కొత్తది లోపల పెట్టి పై నట్లు చేత్తో ఎక్కించండి. కింది బోల్టు కూడా దూర్చండి, కానీ బిగించకండి. ఈ ఒక్క విషయం దగ్గర ఆగి జాగ్రత్తగా చదవండి. ఆర్మ్ చివర ఉన్న రబ్బరు బుష్షు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుపోతుంది. బండి దింపగానే అది మెలి తిరిగి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది. కొన్నాళ్లకే చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. కాబట్టి ఆర్మ్ కింద జాకీ పెట్టి, హబ్ నుంచి ఫెండర్ దాకా మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎంత టార్క్ అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఇంకో బండిది వాడొద్దు. లాక్ నట్లు పాతవి మళ్లీ వేయకండి.

నాలుగు మూలలూ అయ్యాక బండి దింపి, నాలుగైదు మీటర్లు ముందుకూ వెనక్కూ తోయండి. చక్రాలు పక్కకు జారి సర్దుకోకపోతే కొలత తప్పు వస్తుంది. డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి కొలవండి. కాలర్ (స్ప్రింగు కింద కూర్చునే, తిప్పి జరిపే రింగు) 1 మిల్లీమీటరు పైకి జరిపితే, నిష్పత్తి 0.7 ఉన్న మూలలో ఎత్తు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పక్కపక్క చక్రాలు 3 మిల్లీమీటర్ల లోపు తేడాతో ఉంటే చాలు. కాలర్ పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు, అది తప్పు. గట్టిదనం స్ప్రింగు తీగది, చుట్లది, కాలర్‌ది కాదు. కాలర్ మార్చేది ఎత్తును, దాంతోపాటు చక్రం కిందికి దిగే చోటును. ఎత్తు మరీ పెంచితే గుంతలోకి దిగడానికి చక్రానికి చోటు మిగలదు.

లెవెల్ సెన్సార్లను (బండి ఎత్తు కొలిచేవి) మాత్రం తీసేయకండి. జెనాన్ హెడ్‌లైట్లు ఉన్న చాలా బండ్లలో లైటు వాలు సరిచేసేది వాటి సమాచారంతోనే. అవి పోతే హైవే మీద ఎదురొచ్చేవాడి కళ్లలో లైటు కొడుతుంది. సెన్సార్ లింకులు మామూలుగానే ఆర్మ్‌కు తగిలించండి. మీటర్‌లో వచ్చే ఎయిర్ సస్పెన్షన్ వార్నింగు, డ్యాంపర్ ఎర్రర్ ఎలా కోడింగుతో తీయాలో, కొన్ని బండ్లలో బైపాస్ మాడ్యూల్ ఎందుకు అవసరమో 4వ పాఠంలో చూద్దాం. అలైన్‌మెంట్, స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ సరిచేయడం కూడా అందులోనే. అప్పటిదాకా బండిని ఊళ్లోనే నెమ్మదిగా తోలండి, మంగళగిరి దాటి హైవే ఎక్కొద్దు.

ఈ పాఠానికి ఇంటి పని ఇది. మీ బండిని కాటా మీద తూచి రెండు యాక్సిళ్ల బరువు, టేపుతో కొలిచిన రెండు నిష్పత్తులు, నాలుగు మూలల ఎత్తులు ఒక కాగితం మీద రాయండి. ముందు 1.2, వెనక 1.35 హెర్ట్జ్‌కు మీ స్ప్రింగు ఎన్ని కిలోలు రావాలో లెక్క కట్టండి. కిట్ అమ్మేవాడు చెప్పే అంకె దానికి 10 శాతం అటూ ఇటూ ఉంటే తీసుకోవచ్చు. అంతకంటే తేడా ఉంటే ఎందుకో అడగండి, జవాబు చెప్పలేకపోతే ఆ కిట్ కొనకండి.