పురాణకథను మన లోపలికి చదువుకోవడం ఎలా

పురాణాల్లో ప్రతీకల్ని పట్టుకోవడం ఎలా అని అడిగేవాళ్లకు నేను ముందుగా భాగవతం చతుర్థ స్కంధంలోని పురంజనుడి కథ చదవమంటాను. ఆ రాజు తొమ్మిది వాకిళ్ల పట్టణంలో ఒక అందగత్తెను చూసి, ఆమె ఎలా ఆడిస్తే అలా ఆడతాడు. ఆమె నవ్వితే నవ్వుతాడు, ఏడిస్తే ఏడుస్తాడు. నారదుడి నోట కథంతా విన్న ప్రాచీనబర్హి మహారాజు తనకు సరిగా అర్థం కాలేదంటే, నారదుడే విప్పి చెబుతాడు. పట్టణం శరీరం, రాజు జీవుడు, ఆ స్త్రీ బుద్ధి, కాపలా కాసే ఐదు పడగల పాము ప్రాణం. దండెత్తి వచ్చిన 360 మంది గంధర్వులు ఏడాదిలోని పగళ్లు, వాళ్ల వెంట వచ్చిన స్త్రీలు రాత్రులు. అంటే ఇలా చదవడం మనం కొత్తగా కల్పించుకున్నది కాదు, గ్రంథమే నేర్పుతోంది.

ఆ తర్వాత తెలిసిన కథ ఒకటి తీసుకోండి. నాకైతే గజేంద్రమోక్షం. ముందు దాన్ని కథగానే, పైకి వినబడేలా చదవండి. ఏనుగు జీవుడు, మొసలి సంసారం అని వెంటనే తేల్చేయకండి. ఆ మాట అందరికీ తెలుసు, అక్కడే ఆగిపోతే మనకు ఒరిగేదేమీ లేదు. వివరాల దగ్గర నిలబడాలి. మడుగులోకి ఏనుగును ఎవరూ లాక్కురాలేదు, దాహమేసి తనే దిగింది. నీళ్లు మొసలి సొంత చోటు. అందుకే పోరు సాగేకొద్దీ దానికి బలం పెరుగుతుంది, ఏనుగుకు తరుగుతుంది. తోటి ఏనుగులు ఉన్నా విడిపించలేకపోయాయి.

ఇప్పుడు ప్రశ్న మీ వైపు తిప్పండి: నేను పెనుగులాడేకొద్దీ బలపడుతున్నది ఏది? నాకు వెంటనే తట్టేది, రాత్రి పడుకున్నాక మనసులో ఎవరితోనో చేసే వాదన. గెలవాలని చూసేకొద్దీ నిద్ర దూరమవుతుంది, టెన్షన్ పెరుగుతుంది. ఆ నీళ్లలో ఉండి దాన్ని ఓడించలేను. అది తెలిసిన రాత్రి లేచి కూర్చుంటాను, వాదన కొనసాగించను.

పోతన గజేంద్రుడు 'కలడు కలండనెడువాడు కలడో లేడో' అని సందేహపడతాడు. 'లావొక్కింతయు లేదు' అనే మొరా అదే నోటి నుంచి వస్తుంది. సందేహం తీరాకే పిలవాలన్న షరతు ఆ కథలో లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా ధైర్యమిచ్చేది ఇదే.

నోట్‌బుక్‌లో జవాబులు కాదు, ఆ ఒక్క ప్రశ్నే రాసుకోండి. వారం పాటు దానితోనే ఉండండి.

మూడు జాగ్రత్తలు. ప్రతీకను ఎప్పుడూ మీకే అన్వయించుకోండి. ఇంట్లో వాళ్లలో మొసలి ఎవరా అని వెతకడం మొదలుపెడితే చదువు అక్కడితో పోయినట్టే. మీరు చెప్పుకున్న అర్థం ప్రతిసారీ మిమ్మల్నే మెచ్చుకుంటుంటే మూలం మళ్లీ చదవండి. వంశావళుల్లాంటి చోట్ల అర్థం తట్టకపోతే వదిలేయండి, బలవంతంగా లాగక్కర్లేదు.

ఇది అలవాటయ్యాక కఠోపనిషత్తు మొదటి అధ్యాయం మూడో వల్లికి, అంటే మూడో భాగానికి, వెళ్లండి. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు అని అక్కడ యముడే నచికేతుడికి చెబుతాడు. కోపం వచ్చినప్పుడు ఆ నాలుగింటినీ వరసగా చూసుకోండి. చాలాసార్లు గుర్రాలను తప్పుపడతాం గానీ, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడం.