మంగళవారం సాయంత్రం మీరేం చేస్తున్నారు? జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్లకి

జర్మనీలో దిగిన మొదటి మూడు నెలలూ ఊపిరి సలపదు. గది వెతుక్కోవడం, ఆన్‌మెల్డుంగ్ (ఉంటున్న చిరునామాని ఆఫీసులో నమోదు చేయించుకోవడం), బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా. నవంబరు వచ్చి నాలుగున్నరకే చీకటి పడుతున్నప్పుడు అసలు సంగతి తెలిసొస్తుంది. వారమంతా మాట్లాడింది తెలుగు రూమ్మేట్లతోనే. బయటివాళ్లలో సూపర్‌మార్కెట్ క్యాషియరొక్కరే, అదీ "రసీదు కావాలా?" అన్న ముక్క.

పక్కింటావిడ కరివేపాకు కోసం తలుపు తట్టడంతో మొదలయ్యే స్నేహాలు ఇక్కడ ఉండవు. అందుకే వీళ్లు ముభావులని మనవాళ్లు తేల్చేస్తారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. వీళ్లు ఏదో ఒక పని పెట్టుకుని కలుస్తారు, స్నేహం ఆ పని వెంట నెమ్మదిగా వస్తుంది. ఆ పని జరిగే చోటు ఫెరైన్.

ఫెరైన్ అంటే సంఘం. ఏడుగురు కలిసి నియమావళి రాసుకుంటే కోర్టులో నమోదు చేయించుకోవచ్చు. పేరు చివర "ఇ.ఫౌ." (e.V.) అని ఉంటే నమోదైనదని గుర్తు. ఫుట్‌బాల్, బృందగానం, చదరంగం, ఆఖరికి కుందేళ్ల పెంపకానికి కూడా ఫెరైన్లు ఉన్నాయి. చాలాచోట్ల చేరకముందే ఒకటి రెండు సార్లు ఊరికే వచ్చి చూడనిస్తారు. ఆటలైతే దాన్ని ప్రోబెట్రైనింగ్ అంటారు.

నేను టేబుల్ టెన్నిస్‌లో చేరాను. ఇంజనీరింగ్ హాస్టల్లో వచ్చీరానట్టు ఆడిన ఆటే. మొదటి రోజు చూస్తే, లోపలికి వచ్చిన ప్రతివాడూ హాల్లో ఉన్న అందరికీ చెయ్యి కలుపుతున్నాడు. నేనూ కలిపాను. నా జర్మన్ అప్పటికి ఏ2, అంటే కింది నుంచి రెండో మెట్టు. మాట రాకపోయినా బల్లలు వేయడం, ఆఖర్న మడిచి గోడ దాకా తోయడం వచ్చు కదా, అది చేశాను. రెండు నెలలు నా గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. ఒకాయనకి మోకాలు పట్టేస్తే, ఆయన బదులు చివరి జట్టులో నన్ను వేశారు. పక్క ఊళ్లో మ్యాచ్, నలుగురం ఒకే కారులో, నలభై నిమిషాల దారి. క్లాసులో రాని జర్మన్ ఆ కారులో వచ్చింది.

నాకు కష్టమైంది ఇంకొకటి. ఆటల ఫెరైన్లలో మొదటి నుంచే ఒకరినొకరు "డు", అంటే నువ్వు, అనుకుంటారు. అరవై దాటిన కెప్టెన్‌ని పేరుపెట్టి నువ్వు అనడానికి నాకు చాలా రోజులు నోరు తిరగలేదు. మిగతా చోట్ల మాత్రం తొందరపడకండి, "డు" అందామని పెద్దవాళ్లే ముందు అనాలి.

ఆటలు పడకపోతే వేరే దారులున్నాయి. చిన్న ఊళ్లలో మంటలార్పేది స్వచ్ఛంద ఫైర్‌బ్రిగేడే, వాళ్లకి మనుషులు ఎప్పుడూ కావాలి. పాడైన మిక్సీని పక్కన కూర్చుని బాగుచేయించుకునే రిపేర్ కఫేలు చాలా ఊళ్లలో ఉన్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పద్ధతి అది. టంకం పెట్టడం వస్తే మీరూ ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చు. క్లైన్‌గార్టెన్ అనే చిన్న తోటలూ బాగుంటాయి గానీ, పెద్ద నగరాల్లో వాటికోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి.

ఫెరైన్ చందా బ్యాంకు నుంచి దానంతటదే కట్ అవుతుంది. మానేయాలంటే రాతపూర్వకంగా చెప్పాలి, చాలాచోట్ల ఏడాది చివరికే చెల్లుతుంది. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం చదవండి. పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తెస్తారు. ముందురోజే శుభాకాంక్షలు చెప్పకండి, అపశకునం అంటారు. బీరు తాగనివాళ్లు ఆప్ఫెల్‌షోర్లె, అంటే సోడా కలిపిన యాపిల్ రసం, అడిగితే ఎవరూ వింతగా చూడరు.

ఉగాదికీ బతుకమ్మకీ తెలుగువాళ్ల దగ్గరికే వెళ్లండి, నేనూ వెళ్తాను. మంగళవారం సాయంత్రాలు మాత్రం ఫెరైన్‌కి ఇవ్వండి. చలిగా ఉందని ఒక వారం, పరీక్షలని ఒక వారం మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

చేరిన ఏడాదికి కెప్టెన్ ఒకరోజు, "శనివారం మా ఇంట్లో గ్రిల్, నువ్వేం తెస్తావ్?" అన్నాడు. వస్తావా అని అడగలేదు. పులిహోర పట్టుకెళ్లాను. రైస్ సలాడ్ అనుకుని అందరూ బాగానే తిన్నారు. ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టాలని చెప్పడం మర్చిపోయాను.