రెండు రకాల ర్యామ్ కలిపాక ల్యాప్‌టాప్ మొరాయిస్తే

8 జీబీ పక్కన 16 జీబీ పెట్టినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆగిపోదు. సైజుల తేడాను మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపించే భాగం) తనే సర్దుకుంటుంది, స్టిక్ (ర్యామ్ పలక) మీద ఏ కంపెనీ పేరుందో దానికి అక్కర్లేదు. పేచీ వచ్చేది తరం (డీడీఆర్3, 4, 5), వోల్టేజి, చిప్‌ల అమరిక దగ్గర. అంతకన్నా ఎక్కువగా, స్టిక్ స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోవడం దగ్గర. కొత్త స్టిక్‌ను వెనక్కి పంపేసే ముందు ఇవి చూడండి.

విప్పే ముందు ఛార్జర్ పీకి, మూత తీయగానే లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి ఉంచండి. బ్యాటరీ తీయకుండా ర్యామ్ మార్చడం మాత్రం వద్దు. తెర ఆరిపోయినా స్లాట్‌కు కరెంటు అందుతూనే ఉండొచ్చు.

సమస్య: లైటు వెలుగుతుంది, తెర మీద ఏమీ రాదు

డీడీఆర్5 ల్యాప్‌టాప్ అయితే ముందు ఓపిక పట్టండి. కొత్త స్టిక్ కనబడగానే కంట్రోలర్ దాని టైమింగ్‌లు (సంకేతాలు పంపే వేళలు) కొలుచుకుంటుంది. ఇదే మెమరీ ట్రైనింగ్. తెర నల్లగా ఉండి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు దాటినా ఏమీ రాకపోతే అప్పుడు విప్పండి.

స్టిక్‌ను సుమారు 30 డిగ్రీల వాలుగా లోపలికంటా తోసి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి. రెండు పక్కల క్లిప్పులూ టక్కుమని పట్టుకోవాలి. బంగారు రంగు గీతలు ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా కనిపిస్తుంటే అది వంకరగా కూర్చున్నట్టే. పాత స్టిక్ అయితే ఆ గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడిచి ఆరనివ్వండి.

తరం తప్పితే స్టిక్ అసలు పట్టదు: డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262, గాడి కూడా వేరువేరు చోట ఉంటుంది. బలవంతం చేస్తే విరిగేది స్లాటే. మోసం చేసేది పాత ల్యాప్‌టాప్‌లలోని డీడీఆర్3, డీడీఆర్3ఎల్ జంట. రెంటికీ గాడి ఒకటే, వోల్టేజి మాత్రం 1.5, 1.35. ఎల్ రకం సాధారణంగా రెండు వోల్టేజిలకూ ఓర్చుకుంటుంది. 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 పెడితే తెర రాదు. లేబుల్ మీద పీసీ3ఎల్ అని ఉన్నదే తీసుకోండి.

సమస్య: రెండూ కలిస్తే బ్లూ స్క్రీన్, లేదా దానంతటదే రీస్టార్ట్

దీన్ని ఊహించి తేల్చలేం, విడదీసి చూడాలి.

1. పాత స్టిక్ ఒక్కటే మొదటి స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో.
2. కొత్త స్టిక్ ఒక్కటే అదే విధంగా.
3. రెండూ కలిపి.
4. రెండూ కలిపి, స్లాట్‌లు తారుమారు చేసి.

ప్రతిసారీ పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ నడపండి, కలిపినప్పుడు పూర్తిగా నాలుగు పాస్‌లు (చుట్లు). విండోస్‌లో ఉన్న పరీక్ష తొందరగా అయిపోతుంది గానీ, అప్పుడప్పుడూ వచ్చే తప్పులను వదిలేస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా అది సమస్యే, ఫర్వాలేదనుకోవద్దు.

ఒకే స్టిక్ రెండు స్లాట్‌లలోనూ ఎర్రర్లు ఇస్తే స్టిక్ చెడింది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఎర్రర్లు వస్తే స్లాట్ చెడింది లేదా దుమ్ము పట్టింది. విడివిడిగా నాలుగుసార్లూ బాగుండి, కలిస్తేనే ఎర్రర్లు వస్తే అప్పుడే అది నిజంగా పొసగని జంట. ఒక మెమరీ బోర్డుకే అతికించి ఉంటే దాన్ని తీయలేం కాబట్టి, కొత్త స్టిక్ ఉన్నప్పుడు, లేనప్పుడు అని రెండే పరీక్షలు.

పొసగకపోవడానికి జాడ లేబుల్ మీదే ఉంటుంది. 1ఆర్ఎక్స్8, 2ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అనే రాతల్లో మొదటి అంకె ర్యాంకుల (కలిసి పనిచేసే చిప్‌ల గుంపుల) సంఖ్య, చివరిది ఒక్కో చిప్ వెడల్పు (ఒకేసారి పంపే బిట్లు). ఈ అమరిక మారితే కంట్రోలర్ మీద పడే భారం మారుతుంది. చాలా జంటలు తట్టుకుంటాయి, కొన్ని అంచు మీద నడుస్తూ వేడెక్కగానే జారిపోతాయి. ముందు బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి. మెమరీని ట్రైనింగ్ చేసే కోడ్ అందులోనే ఉంటుంది. తర్వాత బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి చూడండి. అప్పటికీ లొంగకపోతే పాతదాని లేబుల్‌లో ఉన్న ర్యాంకు, వెడల్పు, వేగం మూడూ కలిసే స్టిక్ కొనడమే దారి. ల్యాప్‌టాప్ బయోస్‌లలో వోల్టేజి, టైమింగ్ మార్చే వీలు చాలావరకు ఉండదు.

సమస్య: కొత్త జీబీలు కనిపించవు

బయోస్‌లోనే లెక్క తక్కువ చూపిస్తే స్టిక్‌ను తీసి మళ్లీ పెట్టండి, ఆ ల్యాప్‌టాప్ గరిష్ఠంగా ఎంత మోస్తుందో తయారీదారు వివరాల్లో చూడండి. బయోస్‌లో సరిగ్గా ఉండి విండోస్‌లో తగ్గితే, ఎంఎస్ కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మ్యాగ్జిమం మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. కొంత భాగాన్ని గ్రాఫిక్స్ తీసుకోవడం మామూలే.

సమస్య: 3200 వేగం స్టిక్ కొంటే 2666 అని చూపిస్తోంది

ఇది లోపం కాదు. రెండు స్టిక్‌లూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. సీపీయూ-జెడ్ అనే వివరాలు చూపే ప్రోగ్రామ్‌లో 1333 కనిపిస్తే కంగారు వద్దు, అది సగం లెక్క. ఈ తగ్గుదల గురించి బాధపడటం దండగ: 3200 స్టిక్ ఒక్కటే అయితే సెకనుకు 25.6 జీబీ, రెండు 2666లు డ్యుయల్ ఛానల్‌లో (రెండు స్టిక్‌లూ ఒకేసారి డేటా పంపే పద్ధతిలో) సుమారు 42.6 జీబీ. 8, 16 కలిపితే 16 జీబీ వరకు డ్యుయల్ ఛానల్, మిగిలిన 8 మాత్రమే సింగిల్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఆటలాడేవారికే ఆ తేడా కనిపిస్తుంది. వారు రెండు సమానమైన 8లు గానీ 16లు గానీ వేసుకోవడం మేలు.