పక్క రాష్ట్రపు పాత ఎస్‌యూవీ: బెంగళూరులో మీ పేరుకు మార్చుకునే దరఖాస్తు విధానం

అనంతపురం, కర్నూలు, హైదరాబాదుల నుంచి పాత ఎస్‌యూవీ కొని తెచ్చుకున్న తెలుగువారు బెంగళూరు ఆర్టీవో కార్యాలయాల నుంచి వెనుదిరగవలసి వచ్చిందంటే, దానికి కారణం సాధారణంగా బండిలో ఉన్న లోపం కాదు, ఫైలులో లేని ఒక కాగితం: పాత రాష్ట్రపు ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం). క్లచ్ జారుతోందనీ టర్బో దగ్గర ఆయిల్ కారుతోందనీ అమ్మేవారు ముందే చెప్పి ధర తగ్గించి ఉంటారు. కొనేవారు ఆ లోపాల చుట్టూనే బేరమాడి, మిగతా పని ఏజెంటు చూసుకుంటాడన్న నమ్మకంతో డబ్బు మొత్తం చెల్లించేసి ఉంటారు. ఆ తర్వాత నెలలు గడిచినా ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) పేరు మారదు, ఏజెంటు ఫోను తీయడు. ఈ విధానంలో తేలిక దశలను త్వరగా దాటి, ఆ కాగితం దగ్గర కొంచెంసేపు ఆగుదాం.

ముందుగా బండి సంగతి. లోపాలున్న బండిని కొనకూడదని లేదు; లోపం ఖరీదు తెలిస్తే అది బేరంలో ఇమిడిపోతుంది. అందుకే ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించి, మరమ్మతు అంచనాను రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత సర్వీసు వివరాలు, మిగిలిపోయిన రీకాల్ పనులు (తయారీ లోపాలకు కంపెనీ తానే పిలిచి చేసే మరమ్మతులు) కూడా చాసిస్ నంబరు ఆధారంగా అక్కడే తెలుస్తాయి. క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు, బ్రేకు డిస్కుల వంటి వాటికి ఇచ్చిన అంచనా దాదాపు నిలబడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు కుదపడం, కూలెంట్ తరచూ తగ్గిపోవడం, ఇంజన్ ఆయిల్ తాగడం మాత్రం విప్పి చూసేదాకా ఎవరూ ఖరీదు కట్టలేని లోపాలు. ధర ఎంత తగ్గించినా అలాంటి బండిని వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వాడకం వల్ల వచ్చే యాంత్రిక అరుగుదలకు బీమా సొమ్ము రాదన్నది కూడా లెక్కలో ఉండాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) హెచ్చరిక దీపం వెలుగుతోందంటే, ఆ ఫిల్టరులో పేరుకున్న మసి కాలిపోవడానికి కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. రోజూ మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా పాకే బండికి ఆ అవకాశం దొరకదు. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతాల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ ఎన్నో బండ్లు నీట మునిగాయి కనుక, సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడటం, బీమా క్లెయిము వివరాలు అడగటం తప్పనిసరి.

ఇక కాగితాలు. ఒరిజినల్ ఆర్‌సీలోని చాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో మీరే పోల్చి చూడాలి. బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు, పెండింగు చలాన్లు కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లోనూ ఆయా రాష్ట్రాల పోలీసుల ఈ-చలాన్ సైట్లలోనూ కనిపిస్తాయి. తెలంగాణ చాలా ఏళ్లు వాహన నమోదు వివరాలుండే జాతీయ వాహన్ వ్యవస్థ బయటే ఉండి సొంత పోర్టల్ నడిపింది కాబట్టి, ఆ రాష్ట్రపు పాత బండి వివరాలను అక్కడి రవాణా శాఖ సైట్‌లో కూడా సరిచూసుకోవాలి. ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుంటే తేలే పనులే.

అసలు కాగితం ఎన్‌ఓసీ, అంటే ఫారం 28. బండి నమోదైన ఆర్టీవో, ఈ వాహనాన్ని ఇతర రాష్ట్రానికి తీసుకువెళ్లడానికి తమకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రమిది. మోటారు వాహనాల చట్టం 1988లోని 48వ సెక్షన్ దీని గురించే చెబుతుంది; దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా ఇచ్చినదీ నిరాకరించినదీ తెలియజేయకపోతే ఇచ్చినట్లే భావించాలని కూడా అందులో ఉంది. అయితే ఆ మాట నమ్ముకుని ఉత్త చేతులతో బెంగళూరు కౌంటరుకు వెళితే పని జరగదు. ఇక్కడివారు పత్రాన్నే అడుగుతారు. దీనికి దరఖాస్తు చేయవలసింది కొనేవారు కాదు, ఆర్‌సీలో పేరున్న యజమాని. ఓటీపీలు కూడా ఆయన ఫోనుకే వెళ్తాయి. యాజమాన్య బదిలీకి వాడే ఖాళీ ఫారాలు 29, 30 మీద ఆయన సంతకాలు చేసి ఇచ్చినంత మాత్రాన ఎన్‌ఓసీ రాదన్న సంగతిని మధ్యవర్తులు డబ్బు చేతికి అందాకే చెబుతారు.

ఎన్‌ఓసీ ఆగిపోవడానికి ముఖ్యంగా కనిపించే కారణం రుణం. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరు తొలగించి ఉండరు. బ్యాంకు ఇచ్చే రుణ విముక్తి పత్రంతో పాటు, బ్యాంకూ యజమానీ ఇద్దరూ సంతకం చేసిన ఫారం 35 దాఖలు చేసి, ఆ పేరు తీయించాకే ఎన్‌ఓసీ అడగాలి. బ్యాంకు పత్రానికి చాలాసార్లు కొన్ని నెలల గడువే ఉంటుంది; అల్మారాలో ఏళ్లుగా భద్రంగా దాచిన పత్రం పనికిరాక, మూతబడిన శాఖ ఏ శాఖలో కలిసిందో వెతకవలసిన పరిస్థితి వస్తుంది. అప్పు ఇంకా నడుస్తూ ఉంటే, మీరిచ్చే సొమ్మును అమ్మేవారి చేతికి కాకుండా ఆ రుణ ఖాతాకే నేరుగా జమ చేయించడం క్షేమం.

రెండో కారణం, అమ్ముతున్న మనిషి యజమాని కాకపోవడం. బండి చేతులు మారి మూడో మనిషి దగ్గరకు వచ్చినా, ఆర్‌సీ మొదటివారి పేరు మీదే ఉంటుంది. ఆ మొదటి యజమాని వచ్చి సంతకం చేస్తానంటే తప్ప ఈ బేరంలోకి దిగకూడదు. ఆయన మరణించి ఉంటే, వారసులు ముందుగా ఫారం 31 ద్వారా తమ పేరుకు మార్చుకోవాలి. అమ్మేది సెకండ్ హ్యాండ్ కార్ల డీలరైతే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆయనకు ఆర్టీవో ఇచ్చిన అధీకృత పత్రం ఉండాలి. అడిగి చూడటంలో మొహమాటం అక్కర్లేదు.

మూడోది చిన్నదిగా కనిపించి పెద్ద తిప్పలు పెడుతుంది. ఎన్‌ఓసీ ఏ కార్యాలయం పేరిట కావాలో దరఖాస్తులోనే రాయాలి. బెంగళూరు అంటే సరిపోదు, కార్యాలయపు కోడ్ కావాలి: కె.ఆర్.పురం వైపు నివాసమైతే కేఏ 53, ఎలక్ట్రానిక్ సిటీ అయితే కేఏ 51, కోరమంగల అయితే కేఏ 01, యలహంక అయితే కేఏ 50. తప్పు కార్యాలయం పేరు పడితే అమ్మినవారిని బతిమాలి మళ్లీ మొదటికి రావాలి. అటువైపు ఏ కార్యాలయంలో అడగాలన్నది కూడా నంబరు చూసి ఊహించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఒకే సిరీస్ కనుక, హిందూపురం బండికీ శ్రీకాకుళం బండికీ నంబరులో తేడా తెలియదు. నమోదు చేసిన కార్యాలయం పేరు ఆర్‌సీలో ఉంటుంది.

ఎన్‌ఓసీ చేతికి వచ్చాక బెంగళూరులో జరిగే పని సూటిగానే సాగుతుంది, కంగారు పడనవసరం లేదు. యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30, కొత్త నంబరుకు ఫారం 27, ఒరిజినల్ ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, పాన్, చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర, చిరునామా రుజువు జతచేసి దరఖాస్తు చేస్తే, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని చూస్తారు. ఆధార్‌లో ఇంకా గుంటూరు, కడప చిరునామాలే ఉన్నవారు ముందే బెంగళూరు చిరునామాకు మార్చుకుంటే కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది. కొన్నవారు బదిలీని 30 రోజుల్లోగా తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. బండి కొత్త రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తప్పదన్నది 47వ సెక్షన్.

కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చగలిగినది కర్ణాటక జీవితకాల పన్ను. పెట్రోలు, డీజిల్ కార్లకు ధరను బట్టి ఇది 13 నుంచి 18 శాతం వరకు ఉంటుంది, దాని మీద సెస్సు అదనం. బండి పాతదైన కొద్దీ తగ్గుతుంది గానీ, లెక్కకు ఆధారం బండి మొదట కొన్న ధరే తప్ప మీరు బేరమాడి తగ్గించిన ధర కాదు. కొత్తగా 16 లక్షలు పెట్టి కొన్న ఎస్‌యూవీని మీరు 6 లక్షలకు తెచ్చుకున్నా, పన్ను వేసేది ఆ 16 లక్షల లెక్కనే. కాబట్టి అడిగిన ధరకు మరమ్మతు అంచనా, ఈ పన్ను రెండూ కలిపి, అదే మోడల్ కేఏ నంబరు బండి ధరతో పోల్చాలి. హైదరాబాదులో చవక అనిపించిన బండి చాలాసార్లు ఈ కూడిక దగ్గరే చవక కాకుండా పోతుంది.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా దీన్నిబట్టే ఉండాలి. అడ్వాన్సు ఇచ్చి, ఎన్‌ఓసీ ఒరిజినల్ చేతికి వచ్చిన రోజున మిగతాది బ్యాంకు ద్వారా చెల్లిస్తామని ఒప్పందంలో రాసుకోవాలి. దీనికి నిజాయితీగల యజమాని అభ్యంతరం చెప్పడు, ఎందుకంటే ఇందులో ఆయన క్షేమమూ ఉంది: బండి అమ్మేసినా రికార్డులో పేరు మారకపోతే, ప్రమాద పరిహారం బాధ్యత నమోదైన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. బీమా పాలసీ బదిలీకి 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు కనుక ఆ తేడా మీరే కట్టవలసి ఉంటుంది.

కొత్త నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు బిగించుకుని, బీమాలో నంబరు మార్పించి, పాత ఫాస్టాగ్‌ను అమ్మినవారి చేత మూయించి కొత్తది తీసుకోవాలి. పాత రాష్ట్రంలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి తిరిగి రావలసిన భాగం కోసం కర్ణాటక ఆర్‌సీ నకలుతో అక్కడి ఆర్టీవోకు దరఖాస్తు చేయవచ్చు. ఆ సొమ్ము కొన్నవారిదా అమ్మినవారిదా అన్నది ఒప్పందంలో ముందే రాసుకోవాలి, అది చేతికి అందేదాకా మీ లెక్కలో వేసుకోకూడదు.