చిన్న ఊరి నుంచి రాక్ బ్యాండ్ నడపడం ఎలా?

చిన్న ఊళ్ళో బ్యాండ్‌కి వినేవాళ్ళు తొందరగా అయిపోతారు. మొదటి షోకి ఊరంతా వస్తుంది. అవే పాటలతో నెలలో మూడోసారి స్టేజీ ఎక్కితే స్నేహితులు మాత్రమే మిగులుతారు, వాళ్ళు కూడా మొహమాటానికి వచ్చినవాళ్ళే. అయితే నగరం బ్యాండ్లకి సులువుగా దొరకనివి రెండు ఇక్కడ ఉంటాయి: ఎంత మోత పెట్టినా ఎవరూ గొడవకి రాని ఒక గది, కావలసినంత టైము. ఆ రెండూ ధారాళంగా వాడుకోవాలి, శ్రోతల్ని మాత్రం పొదుపుగా.

మనుషులు, కాగితం

డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు ఉంటే చాలు. గిటార్ వాయించేవాళ్ళే పాడితే ముగ్గురితో సరిపోతుంది. డ్రమ్మర్లు ఎప్పుడూ కరువే. ఉన్న ఒక్కరూ మూడు బ్యాండ్లలో వాయిస్తుంటారు కాబట్టి ముందు వాళ్ళ ఖాళీ రోజులు కనుక్కుని ప్రాక్టీసు ఆ రోజుల్లోనే పెట్టుకోండి. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు చాలు. ఆరు గంటలు ఏకబిగిన వాయిస్తే చివరి మూడు గంటలూ తప్పులే బాగా కంఠస్థమవుతాయి.

పాటలు రాయకముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. బ్యాండ్ పేరు ఎవరిది, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళకి ఏం వస్తుంది, ఉమ్మడి డబ్బుతో కొన్న సామాను ఎవరి దగ్గర ఉంటుంది, పాటలో ఎవరి వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగ్ మీద హక్కు వేరు. రెండింటికీ విడివిడిగా వాటాలు రాయండి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్ళో 1980లో మొదలైన ఆర్.ఇ.ఎం. బ్యాండ్ తన సొంత పాటలకు సభ్యులందరి పేర్లూ కలిపి వేసేది. ఆ బ్యాండ్ 2011 దాకా నడిచింది. కొత్త బ్యాండ్‌కి ఈ పద్ధతే మేలు. ఎవరి రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ వరస) ముందు వచ్చిందన్న తగాదా ఇక ఉండదు.

ప్రాక్టీసు గదిలో సౌండు

చిన్న బ్యాండ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. గిటార్ పెంచితే డ్రమ్మర్ గట్టిగా కొడతారు, బేస్ ఇంకా పెరుగుతుంది, పాడేవాళ్ళు అరుస్తారు. గంట తిరిగేసరికి ఎవరు ఏం వాయిస్తున్నారో ఎవరికీ వినపడదు. దీన్ని తిరగేసి, గొంతు నుంచి సరిచేసుకుంటూ రావాలి. ముందు మైకుని ఫీడ్‌బ్యాక్ కూత (స్పీకర్ సౌండు మళ్ళీ మైకులోకి దూరితే వచ్చే కీచుమనే మోత) మొదలయ్యే దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించండి. గొంతుకి ఆ గదిలో అదే గరిష్ఠం. మిగతా వాయిద్యాలన్నీ దాని కిందే ఉండాలి. డ్రమ్మర్ సన్నటి కర్రలు వాడొచ్చు, కిట్ కింద మందపాటి తివాచీ వేయొచ్చు.

గిటార్ ఆంప్‌ని (గిటార్ సౌండుని పెంచి వినిపించే పెట్టెని) నేల మీద పెట్టకండి. నేల మీదుంటే ఆ సౌండు వాయించేవాళ్ళ మోకాళ్ళకి తగులుతుంది, చెవికి చేరదు. అందుకే వాళ్ళు నాబ్ తిప్పుతూనే ఉంటారు. కుర్చీ మీదకి ఎక్కించి కొంచెం వెనక్కి వాలిస్తే సగం గొడవ తీరుతుంది. ఒంటరిగా వాయించుకున్నప్పుడు ఘనంగా అనిపించే డిస్టార్షన్ (కావాలని చిరిగేలా చేసిన గిటార్ సౌండు), బ్యాండ్‌లో కలిసేసరికి మాయమవుతుంది. గెయిన్ (ఆ చిరుగుని పెంచే నాబ్) తగ్గించి మిడ్స్ (మధ్య స్థాయి సౌండు) పెంచండి.

ష్యూర్ ఎస్ఎం 58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపు సౌండునే ఎక్కువగా పట్టే) మైకు వెనక వైపు సౌండుని దాదాపు పట్టించుకోదు. కాబట్టి మానిటర్ స్పీకర్‌ని (పాడేవాళ్ళు తమ గొంతు తాము వినడానికి పెట్టుకునేదాన్ని) సరిగ్గా మైకు తోక వైపు పెట్టాలి, పెద్ద స్పీకర్లు మైకుల కంటే ముందు ఉండాలి. జాలీని గుప్పిట్లో మూసి పాడితే ఆ గుణం పోతుంది, కూత మొదలవుతుంది. మూసింది సింగరైనా తిట్లు పడేది సౌండ్ ఇంజినీర్‌కే.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 85 డెసిబెల్స్‌ని రోజుకి 8 గంటలు భరించవచ్చన్నది అమెరికాలో పని చోట్లకి అక్కడి ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ సిఫారసు చేసిన లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగమవుతుంది. అంటే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే, మూసిన గదిలో డ్రమ్ కిట్ ఆ 100ని సులువుగా దాటుతుంది. ఇయర్‌ప్లగ్స్ మొదటి రోజు నుంచే పెట్టుకోండి. చెవిలో ఒకసారి స్థిరపడిన మోత పోదు.

ప్రతి పాట టెంపో (వేగం) కాగితం మీద రాసి, డ్రమ్మర్ దగ్గర మెట్రోనోమ్ (ఆ వేగానికి టిక్ టిక్ కొట్టే పరికరం) ఉంచండి. సగం టైము పాటల మొదళ్ళకీ ముగింపులకీ మలుపులకీ ఇవ్వండి, కూలేది అక్కడే. చివరి అరగంట నిలబడి, ఆపకుండా సెట్ మొత్తం వాయించండి. ఫోన్‌ని డ్రమ్స్‌కి దూరంగా పెట్టి రికార్డు చేసి మర్నాడు వినండి. ఆ రాత్రే వింటే అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

స్టేజీ మీదకి

అరగంట స్లాట్ అంటే ఆరు పాటలు, మహా అయితే ఏడు. వారం ముందే నిర్వాహకులకి స్టేజ్ ప్లాట్ (స్టేజీ మీద ఎవరు ఎక్కడో చూపే బొమ్మ), ఇన్‌పుట్ లిస్టు (మిక్సర్‌కి తగిలించాల్సిన మైకులు, వాయిద్యాల జాబితా) పంపండి. నలుగురి బ్యాండ్‌కి 12 చానళ్ళు సరిపోతాయి: కిక్, స్నేర్, హై-హ్యాట్, రెండు టామ్‌లు, రెండు ఓవర్‌హెడ్లు (డ్రమ్స్ పైన వేలాడే మైకులు), డీఐ (మైకు లేకుండా వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే బాక్స్) ద్వారా బేస్, రెండు గిటార్ ఆంప్‌లు, రెండు గొంతులు. డ్రమ్ కిట్ అందరికీ ఒకటే అంటే షెల్స్ (పెద్ద డ్రమ్ములు) మాత్రమే అని అర్థం. స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, స్టూలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.

గిటార్ తీగలు ముందు రోజే మార్చి బాగా లాగి ఉంచండి. షో రోజు సాయంత్రం మారిస్తే పాట పాటకీ శ్రుతి దిగిపోతుంది.

కరెంటు దగ్గర జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. ఆంప్ హెడ్ నుంచి క్యాబినెట్‌కి (స్పీకర్ పెట్టెకి) గిటార్ కేబుల్ వాడకూడదు, రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా సరే. గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నం, అది వేడెక్కి తెగితే ఆంప్ పోతుంది. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. గిటార్ పెడల్స్‌లో (సౌండు మార్చే, కాలితో నొక్కే పెట్టెల్లో) ఎక్కువ భాగం 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో నెగెటివ్. వేరే అడాప్టర్ గుచ్చే ముందు దాని మీది బొమ్మ చూడండి. హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకి తగిలితే ప్రాణమే పోవచ్చు. హమ్‌కి మందు డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్.

పొరుగూళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడం

సొంత ఊళ్ళో ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒక షో చాలు. మధ్యలో మూడు గంటల ప్రయాణంలో ఉన్న ఊళ్ళ బ్యాండ్లతో మార్పిడి పెట్టుకోండి: మీ ఊరి జనానికి మీరు వాళ్ళని చూపిస్తారు, వాళ్ళ ఊరి జనానికి వాళ్ళు మిమ్మల్ని. ముందు మీరే పిలవండి. ఆతిథ్యం ఇచ్చిన బ్యాండ్‌కి తిరుగు పిలుపు తప్పకుండా వస్తుంది.

సామాను దించే టైము, సౌండ్ చెక్, సెట్ నిడివి, డబ్బు ఎప్పుడు ఎవరు ఇస్తారు అన్నవి మెసేజ్‌లో రాయించుకోండి. టికెట్లలో వాటా అంటే ఆ వాటా ఏ ఖర్చులు తీసేశాక లెక్కేస్తారో అడగండి. హాలు అద్దె, సౌండ్, ప్రచారం పోగా మిగిలేది సున్నా అయితే 70 శాతమైనా సున్నాయే. కొత్త ఊళ్ళో చిన్నదైనా ఖాయమైన మొత్తమే నయం, కనీసం బండి ఇంధనం గడుస్తుంది.

రికార్డింగ్

పది షోలు తట్టుకున్న పాటలనే స్టూడియోకి తీసుకెళ్ళండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కలప మిల్లుల ఊరు అబర్డీన్‌లో పుట్టిన నిర్వాణా తొలి ఆల్బమ్ 1989లో వచ్చింది. స్టూడియో పని సుమారు 30 గంటలు, ఖర్చు 600 డాలర్ల పైచిలుకు. అక్కడికి వెళ్ళి పాట నేర్చుకుంటే అంత తక్కువలో తేలదు.

డ్రమ్స్‌కి కొత్త స్కిన్‌లు వేసి, గిటార్‌ని గైడ్‌గా పెట్టుకుని, చెవిలో వినపడే మెట్రోనోమ్ క్లిక్‌కి వాయించండి. తర్వాత బేస్, గిటార్లు, ఆఖరున గొంతు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పట్టండి. అత్యధిక స్థాయి మీటర్ మీద మైనస్ 10 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి, సున్నా అంటే ఆఖరి హద్దు. సున్నాని తాకి చిరిగిన సౌండుని ఏ మిక్సింగూ పూర్తిగా బాగుచేయలేదు.

విడుదలకి నాలుగు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కి (పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి చేర్చే సంస్థకి) వేవ్ ఫైలు, 3000 పిక్సెళ్ళ చదరపు కవరు ఇవ్వండి. ప్రతి రికార్డింగ్‌కీ 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్‌ని గుర్తించే నంబరు) వస్తుంది, దాన్ని దాచుకోండి. స్పాటిఫై ఎడిటర్లకి పాట పంపాలంటే కనీసం 7 రోజుల ముందు పంపాలి. అక్కడ 2024 నుంచి, గత 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. కాబట్టి మొదటి రెండేళ్ళు స్ట్రీమింగ్ డబ్బుని లెక్కలోకి తీసుకోకండి. బండి నడిచేది షోలు, టీషర్టులతోనే. టీషర్టులు తక్కువగా, ఎక్కువ భాగం ఎం, ఎల్ సైజుల్లో వేయించండి.

నగరానికి మారాలా అన్నది తొందరగా తేల్చాల్సిన పని కాదు. ముందు అక్కడ ఎవరి షోకైనా ముందు వాయించే అరగంట స్లాట్ తీసుకుని, రెండు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళండి. రెండోసారి మీకోసం వచ్చినవాళ్ళు పెరిగితే మూడో తేదీ అడగండి. పెరగకపోతే అద్దె ఇల్లు వెతకడం ఆపి, పాటలు మార్చండి.