సైన్సుకు నిధులు అడగడం ఎలా? పాఠం 4: కోరికను వాక్యంగా రాయడం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీకు దగ్గర్లో ఉన్న పరిశోధన సంస్థ ఒకటి ఎంచుకుని, దానికి డబ్బు ఏ శాఖ నుంచి వస్తుందో కనుక్కోమన్నాను. హైదరాబాద్ వాళ్లు ఈ పని చేసి ఉంటే కాస్త ఆశ్చర్యపోయే ఉంటారు. తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే రసాయన శాస్త్ర సంస్థ ఐఐసీటీ, భూభౌతిక సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, కణ జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ దగ్గర దగ్గరే కనిపిస్తాయి. మూడూ సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలే కాబట్టి వాటి డబ్బు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం పద్దులో ఉంటుంది. ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ బయోటెక్నాలజీ విభాగానిది. బాలాపూర్ దగ్గర ఉన్న పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ శాస్త్ర సాంకేతిక విభాగానిది. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్‌ను నడిపేది భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ. ఊరు ఒకటే, పద్దులు నాలుగు. ‘సైన్సుకు నిధులు పెంచండి’ అని మనం రాసిన ఉత్తరం వీటిలో ఎవరి బల్ల మీదికి వెళ్లాలి?

ఎవరి బల్ల మీదికీ వెళ్లదు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఐదు నెలలపాటు నాకు ఫెలోషిప్, అంటే పరిశోధక విద్యార్థికి నెలనెలా ఇచ్చే భృతి, రాలేదు. హాస్టల్ మెస్‌లో బాకీ పెరిగిపోయింది, ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగిపోయింది. నలుగురం కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాం. అందులో దేశ ప్రగతి ఉంది, మేధోవలస ఉంది, పెద్ద శాస్త్రవేత్తల పేర్లన్నీ ఉన్నాయి. ఏ నెల డబ్బు, ఎంతమందికి, ఏ కార్యాలయంలో ఆగిందన్నది మాత్రం మూడో పేజీ మధ్యలో ఎక్కడో ఉంది. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. మా కష్టం నిజమైనదే. కానీ చదివినవాళ్లు ఏ కాగితం మీద సంతకం పెట్టాలో మేం చెప్పలేదు.

అందుకే ఈ పాఠమంతా ఒక్క వాక్యం గురించి. మీ వినతిపత్రానికి ప్రాణం ఆ వాక్యమే. దాన్ని రాసే ముందు అంకెల్ని చదవడం రావాలి.

కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ఏ పద్దు తీసినా ముఖ్యంగా మూడు రకాల అంకెలుంటాయి. మొదటిది బడ్జెట్ అంచనా. ఫిబ్రవరి 1న పార్లమెంటులో చెప్పేది ఇదే, మర్నాడు పత్రికల్లో వచ్చేదీ ఇదే. రెండోది సవరించిన అంచనా. ఏడాది సగం గడిచాక, ఖర్చు జరిగిన తీరు చూసి ప్రభుత్వం మార్చి వేసిన లెక్క ఇది. మూడోది వాస్తవ వ్యయం, అంటే నిజంగా ఖర్చయింది. మామూలు పాఠకుడు మొదటి అంకె దగ్గరే ఆగిపోతాడు. మనం ఆగకూడదు. 2023-24లో శాస్త్ర సాంకేతిక విభాగానికి బడ్జెట్ అంచనా సుమారు 7,931 కోట్ల రూపాయలు. సవరించిన అంచనాకు వచ్చేసరికి అది సుమారు 4,892 కోట్లయింది. మూడు వేల కోట్లకు పైగా తగ్గుదల, అంటే వందకు 38 వంతులు. కేటాయింపు పెంచమని మాత్రమే అడిగితే ఇలాంటి చోట ఫలితం ఉండదు. ఇచ్చామన్నది ఏడాది మధ్యలో ఎందుకు తగ్గిందన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

పెద్ద అంకెను కూడా అంతే జాగ్రత్తగా విప్పి చూడాలి. 2025-26 బడ్జెట్‌లో ఇదే విభాగానికి కేటాయింపు ఒక్కసారిగా 28 వేల కోట్లు దాటింది. సంతోషించే ముందు పద్దు లోపలి వరసలు చదవండి. అందులో 20,000 కోట్లు ప్రైవేటు రంగ పరిశోధనను ప్రోత్సహించే కొత్త పథకానివి. ఆ సొమ్ము ప్రధానంగా తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాలుగా వెళ్లడానికి ఉద్దేశించింది. ఆ పథకం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. విశ్వవిద్యాలయంలో పాత పరికరంతో కుస్తీ పడుతున్న అధ్యాపకురాలికి మాత్రం ఆ 20,000 కోట్లు వచ్చినట్టు కాదు. ఈ తేడా తెలియకుండా ఎంపీ గారి దగ్గరికి వెళ్తే, ‘మూడింతలు పెంచాం కదా’ అన్న ఒక్క మాటతో మిమ్మల్ని పంపించేస్తారు.

మూడు శాతం నినాదం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2017 ఆగస్టు 9న దేశంలో చాలా నగరాల్లో శాస్త్రవేత్తలు, విద్యార్థులు సైన్సు కోసం ఊరేగింపు తీశారు. జీడీపీలో 3 శాతం శాస్త్ర సాంకేతిక రంగానికి, 10 శాతం విద్యకు ఇవ్వాలన్నది వాళ్ల డిమాండ్లలో ముఖ్యమైనది. 2020-21లో పరిశోధన, అభివృద్ధి మీద మన దేశం పెట్టిన మొత్తం ఖర్చు జీడీపీలో 0.64 శాతమే కాబట్టి ఆ ఆవేదన నూటికి నూరుపాళ్లూ న్యాయమైంది. వీధిలో అది మంచి నినాదం. వినతిపత్రంలో మాత్రం నేను వాడను. ఆ 0.64లో కేంద్రం వాటా 43.7 శాతం, ప్రైవేటు పరిశ్రమలది 36.4 శాతం, రాష్ట్ర ప్రభుత్వాలన్నిటిదీ కలిపి 6.7 శాతం. అంటే ఒక మంత్రి తలుచుకుని మూడు శాతం చేయగలిగింది కాదది. ఎవరి చేతిలోనూ పూర్తిగా లేనిదాన్ని అడిగితే, కాదనాల్సిన అవసరం కూడా ఎవరికీ రాదు.

మరి బాగా అడగడం ఎలా ఉంటుంది? నాకు తెలిసిన మంచి ఉదాహరణ బ్రిటన్‌ది. 2010లో అక్కడి ప్రభుత్వం చాలా శాఖల ఖర్చులకు కోత పెట్టబోతోందని తెలిసింది. జెన్నీ రోన్ అనే కణ జీవశాస్త్రవేత్త చొరవతో ‘సైన్స్ ఈజ్ వైటల్’ అనే ఉద్యమం సెప్టెంబరులో మొదలైంది. ప్రభుత్వం నిర్ణయం ప్రకటించే రోజు అక్టోబరు 20 అని ముందే తెలుసు. వాళ్లు ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకున్నారు. అక్టోబరు 9న లండన్‌లో ఆర్థిక శాఖ భవనం ముందు సుమారు రెండు వేల మంది గుమిగూడారు. చేరాల్సిన చోటు విశ్వవిద్యాలయం కాదు, ఖజానా గుమ్మం అని వాళ్లకు తెలుసు. 33 వేలకు పైగా సంతకాలు ప్రధాని కార్యాలయానికి చేరాయి. చివరికి ఏడాదికి 460 కోట్ల పౌండ్ల సైన్సు బడ్జెట్‌ను నాలుగేళ్లపాటు తగ్గించబోమనీ, ఇతర అవసరాలకు మళ్లించబోమనీ ప్రభుత్వం ప్రకటించింది. ఉద్యమం వల్లే ఇదంతా జరిగిందని తేల్చి చెప్పలేం గానీ, చుట్టూ కోతలు పడుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఈ కథలో రెండో సగం మనకు మరీ ముఖ్యం. ఆ రక్షణ రోజువారీ పరిశోధన ఖర్చుకే. భవనాలు, పెద్ద పరికరాలు వంటి మూలధన వ్యయం దాని బయటే ఉండిపోయి, బాగా కోతకు గురైంది. పైగా నాలుగేళ్లపాటు అదే అంకె అంటే, ధరలు పెరిగేకొద్దీ దాని విలువ కరిగిపోతుంది. వాక్యం రాసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. మీరు పేరు పెట్టి చెప్పనిది రక్షణకు బయట ఉండిపోతుంది. ధరల మాట ఎత్తకపోతే ఇచ్చింది కూడా కొన్నాళ్లకు సగం ఇచ్చినట్టే.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2014 అక్టోబరు నుంచి నెలకు 25,000 రూపాయలు. 2018లో పరిశోధక విద్యార్థులు దేశమంతటా కదిలారు. 80 శాతం పెంచమని అడిగారు. 2019 జనవరి చివర వచ్చిన ఉత్తర్వుతో అది 31,000 అయింది, అంటే 24 శాతం పెంపు. మళ్లీ నిరసనలు, మళ్లీ వినతులు. 2023 జనవరి నుంచి 37,000. ఆ విద్యార్థుల పోరాటం మీద నాకు ఎంతో గౌరవం. కానీ ప్రతిసారీ వీధికెక్కితే తప్ప పెరగని ఏర్పాటును అలాగే వదిలేసి, మొత్తాన్ని మాత్రమే అడుగుతూ వచ్చామని అనిపిస్తుంది. ఉద్యోగులకు కరవు భత్యం ఏడాదికి రెండుసార్లు లెక్కకొస్తుంది. అలాంటి నియమం ఫెలోషిప్‌కు లేదు. అడగాల్సింది ఆ నియమాన్ని.

నేనైతే ఇలా రాస్తాను (ఎస్‌ఆర్‌ఎఫ్ అంటే జేఆర్‌ఎఫ్ తర్వాతి దశలో వచ్చే సీనియర్ ఫెలోషిప్, కంటింజెన్సీ గ్రాంటు అంటే పరిశోధనలో చిల్లర ఖర్చులకిచ్చే సొమ్ము):

‘గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు గారికి నమస్కారం. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ మొత్తాలను, వాటితో పాటు కంటింజెన్సీ గ్రాంటును రెండేళ్లకోసారి ధరల సూచీ ప్రకారం సవరించే నియమాన్ని తీసుకురావాలని శాస్త్ర సాంకేతిక శాఖను కోరవలసిందిగా ప్రార్థన. ఫెలోషిప్ సకాలంలో అందనివారు ఎంతమంది, ఎన్ని నెలల ఆలస్యం అన్న వివరాలపై వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేయగలరు.’

రెండు వాక్యాల్లో రెండు పనులు అడిగాం. మొదటిది శాఖ చేయాల్సింది. రెండోది ఎంపీ గారు తానుగా చేయగలిగింది. ప్రశ్నకు నోటీసు ఇవ్వడానికి ఆయనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, సభ సెక్రటరీ జనరల్‌కు కనీసం 15 రోజుల ముందు ఇస్తే చాలు. సభాపతి ఆ ప్రశ్నను అనుమతిస్తే మంత్రిత్వ శాఖ జవాబు ఇవ్వాలి. ఆ జవాబు సభ రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాతి వినతిపత్రానికి అదే మీ ఆధారం అవుతుంది. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిస్తారు కాబట్టి అంకెలు రాబట్టడానికి అది మేలు. అనుబంధ ప్రశ్నలు వేయాలంటే, మంత్రి సభలో నోటితో జవాబిచ్చే నక్షత్ర గుర్తు ప్రశ్న కావాలి.

ఈ వారం చేయాల్సిన పని: కిందటి పాఠంలో మీరు ఎంచుకున్న సంస్థ ఏ విభాగానిదో ఆ విభాగం పద్దు తీయండి. గత మూడేళ్ల బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం ఒక కాగితం మీద పక్కపక్కన వేసుకోండి. ఎక్కువ తేడా ఉన్న వరసను ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. దాని గురించి ఒక్క వాక్యం రాసి, సైన్సుతో సంబంధం లేని ఇంట్లోవాళ్లకు వినిపించండి. ‘ఎవరు చేయాలి? ఎప్పటిలోగా?’ అని వాళ్లు అడిగితే వాక్యం ఇంకా కుదరలేదన్నమాట, తిరగ రాయండి.

ఆ కాగితం దాచుకోండి. శాఖల పద్దులను పరిశీలించే పార్లమెంటరీ స్థాయీ సంఘంలో 31 మంది సభ్యులుంటారు, లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. వాళ్ల చేతికి మీ కాగితం ఎలా చేర్చాలో అయిదో పాఠంలో చూద్దాం.